రాత్రి రెండింటి లాప్ ఎవరిది? (మట్టిదారి సైకిల్ రేసులు: పాఠకుల ప్రశ్నలు)

కిందటి సంచికలో అరిజోనా ఎడారిలో జరిగే 24 గంటల మౌంటెన్ బైక్ రేసు గురించి రాస్తే, ఈ నెల ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. ఆ వ్యాసం చదవనివాళ్ళ కోసం కాస్త చెప్పి మొదలుపెడతాను. రేసు పేరు 'ట్వంటీ ఫోర్ అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్వెబ్లో'. 2000లో మొదలైంది. టూసాన్ నగరానికి ఉత్తరాన, ఒరాకిల్ అనే చిన్న ఊరి దగ్గర పశువుల మేత భూముల్లో ఫిబ్రవరిలో జరుగుతుంది. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి మొదలై ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా. ఒక్కో లాప్, అంటే ఒక చుట్టు, సుమారు 26 కిలోమీటర్ల మట్టిబాట. ఒంటరిగా తొక్కేవాళ్ళూ ఉంటారు, ఇద్దరి జట్లూ నలుగురి జట్లూ ఉంటాయి. జట్టులో ఒకరు తిరిగొచ్చి టెంటులో బేటన్ (రిలే కర్ర) చేతికిస్తేనే తర్వాతి మనిషి బయల్దేరాలి.

నాది అనంతపురం. ఉద్యోగం ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. మా జట్టులో నాతోపాటు కర్నూలు కుర్రాడు, కోయంబత్తూరు ఆయన, ఇక్కడి స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ ఉన్నారు. ఐదో మనిషి మావారు. ఆయన సైకిల్ ఎక్కరు. ఆయన లేకపోతే మిగతా నలుగురం కూడా ఎక్కలేం.

ప్రశ్న: ఒకే ఆఫీసులో పనిచేసే నలుగురం కలిసి రిలే రేసుకి జట్టు కట్టాం. ముగ్గురిదీ ఇంచుమించు ఒకే వేగం. నాలుగో ఆయన మాత్రం ప్రతి లాప్‌కీ మాకన్నా పావుగంట ఎక్కువ తీసుకుంటున్నాడు. మంచివాడు. ఆయన్ని మార్చేయాలంటే ఎలా చెప్పాలి మేడమ్?
– ఒక కెప్టెన్, కొండాపూర్, హైదరాబాద్

ముందు లెక్క చూద్దాం. లాప్‌కి గంటన్నర అనుకుంటే 24 గంటల్లో పదహారు లాప్‌లు, తలా నాలుగు. మీ నాలుగో ఆయన వల్ల పోయేది నాలుగు పావుగంటలు, అంటే గంట. చిన్నది కాదు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు బేటన్ టెంటు దగ్గరికి రండి. పదహారు లాప్‌లకి పదిహేను మార్పిళ్ళు. వచ్చిన మనిషి టెంటులో నిలబడి తర్వాతి వాడి పేరు అరుస్తూ, ఫోన్ చేస్తూ, సిగ్నల్ లేక మళ్ళీ అరుస్తూ ఒక్కో మార్పిడికి నాలుగు నిమిషాలు పోయాయనుకోండి. అక్కడే గంట పోయింది. మీ ముగ్గురు 'ఫాస్ట్' మనుషుల్లో ఒకరు తెల్లవారుజామున మూడింటికి స్లీపింగ్ బ్యాగులోంచి బయటికి రావడానికి అరగంట బతిమాలించుకుంటే ఇంకో అరగంట. ఇవేవీ లాప్ టైముల్లో విడిగా కనిపించవు గనుక ఎవరూ నిందపడరు. నెమ్మదిగా తొక్కేవాడు మాత్రం లిస్టులో కనిపిస్తాడు పాపం.

మేం చేసేది చెబుతాను. క్యాంపులో ఒక తెల్లబోర్డు. ఎవరు ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి రావచ్చు, తర్వాత ఎవరు అన్నది దాని మీద రాస్తాం. రావలసిన టైముకి నలభై నిమిషాల ముందు మావారు తర్వాతి మనిషిని లేపుతారు, చేతిలో కాఫీ పెట్టేదాకా కదలరు. పది నిమిషాల ముందు ఆ మనిషి టెంటులో ఉండాలి, చలి వేసినా సరే. వచ్చినవాళ్ళు బేటన్ ఇచ్చి వెళ్ళిపోకుండా ఒక్క వాక్యం చెప్పాలి: "వాగు ఇసుక దగ్గర ఒకడు పడున్నాడు, ఎడమకి పట్టు" లాంటిది. టీచరమ్మ ఈ పని గొప్పగా చేస్తుంది. కోయంబత్తూరు ఆయన ఊపిరి తీసుకునే సరికి నేను కిలోమీటరు పోయుంటాను.

కాబట్టి మీ నాలుగో ఆయన్ని తూచేటప్పుడు స్టాప్‌వాచ్ ఒక్కటే చూడకండి. పిలిస్తే లేస్తాడా? చెయిన్ తనే తుడుచుకుంటాడా, పక్కవాడి చెయిన్‌కి కూడా నూనె వేస్తాడా? రాత్రి వాన పడితే "నేను రాను" అంటాడా? వీటికి జవాబు బాగుంటే ఉంచుకోండి. ఇంకో సంగతి: చీకట్లో అందరి వేగమూ తగ్గుతుంది, పగలు కనిపించిన పావుగంట తేడా రాత్రి చాలావరకు కరిగిపోతుంది. మీ రేసులో రాత్రి ఉంటే ఆయన్ని రాత్రి లాప్‌లకి వాడుకోండి. ఇదంతా చూశాక కూడా మార్చాలనిపిస్తే, రేసుకి రెండు నెలల ముందే, ఎదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో వద్దు.

ప్రశ్న: అక్కా, మా జట్టులో గొడవంతా రాత్రి రెండింటి లాప్ గురించే. ఎవరికీ వద్దు. చీటీలు వేద్దామంటున్నారు. మీరెలా పంచుకుంటారు?
– ఆస్టిన్ నుంచి ఒక తమ్ముడు

చీటీలు వద్దు నాయనా. వరస పెట్టిన రోజే ఆ లాప్ ఎవరికి పడుతుందో తేలిపోతుంది. గంటన్నర చొప్పున రాసి చూడు. మొదటి మనిషికి పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి, పొద్దున ఆరు. రెండో మనిషికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఏడున్నర, మళ్ళీ రాత్రి ఒంటిగంటన్నర. నీ రెండింటి లాప్ ఇతనిదే. మూడో మనిషికి తెల్లవారుజాము మూడు. అది ఇంకా ఘోరం. చీకట్లో లాప్‌లు సాగుతాయి కాబట్టి ఈ టైములన్నీ కాస్త ఆలస్యమవుతాయి.

ఈ పద్ధతిలో అసలు చిక్కు ఆ లాప్ కాదు, నిద్ర. రెండు లాప్‌ల మధ్య నాలుగున్నర గంటలు దొరుకుతాయని కాగితం చెబుతుంది. వచ్చాక చెమట బట్టలు మార్చాలి, తినాలి, సైకిల్ చూసుకోవాలి, లైటు చార్జింగులో పెట్టాలి. నలభై నిమిషాల ముందే మళ్ళీ లేపుతారు. మిగిలేది రెండు గంటలు. ఒంట్లో ఇంకా రేసు టెన్షన్ ఉంటుంది గనుక అందులో నిద్ర పట్టేది గంట.

అందుకని మేం చీకటి పడ్డాక డబుల్ లాప్‌లకి మారతాం. ఒకరు వరసగా రెండు లాప్‌లు తొక్కుతారు, సుమారు మూడున్నర గంటలు. నలుగురు కలిస్తే పద్నాలుగు గంటలు, అంటే రాత్రి మొత్తం గట్టెక్కినట్టే. ఫిబ్రవరిలో అక్కడ సాయంత్రం ఆరు దాటాక చీకటి పడితే తెల్లవారేసరికి ఏడవుతుంది. ఇలా చేస్తే ప్రతి మనిషికీ రాత్రి ఒకే డ్యూటీ, ఐదారు గంటల అసలైన నిద్ర. రెండో లాప్ ఐదు, పది నిమిషాలు నెమ్మదిస్తుంది. ఆ నష్టం పొద్దున్న తాజా కాళ్ళతో వచ్చేస్తుంది. గెలవడానికి వచ్చే జట్లు ఇలా చెయ్యకపోవచ్చు, వాళ్ళకి ప్రతి లాప్‌నీ కొత్త కాళ్ళతో కొట్టాలి. మనలాంటి ఉద్యోగస్తుల జట్లకి నా ఓటు డబుల్‌కే.

ఇక లైట్ల సంగతి. ఒకటి హెల్మెట్ మీద, ఒకటి హ్యాండిల్ మీద, రెండూ ఉండాలి. హెల్మెట్ లైటు నువ్వు చూసిన వైపు చూస్తుంది, మలుపు అవతల ఏముందో చెబుతుంది. కానీ అది కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రాళ్ళకి నీడ పడదు, దారి అంతా చదునుగా కనిపించి మోసం చేస్తుంది. హ్యాండిల్ లైటు కిందినుంచి పడుతుంది గనుక రాయి రాయిలా, గుంట గుంటలా కనిపిస్తాయి. ఎక్కుడులో రెండూ తగ్గించి, దిగుడులో పెంచు. చాలా లైట్లు ఫుల్ వెలుగులో గంటన్నర, రెండు గంటలకి మించి రావు. డబుల్ లాప్ తొక్కేవాళ్ళ జేబులో ఇంకో బ్యాటరీ ఉండాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి ఫీనిక్స్ పక్కన టెంపీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. మీరు రాసిన ఆ రేసుకే జట్టులో చేరాడట. అర్ధరాత్రి ఎడారిలో, పాముల మధ్య సైకిల్ తొక్కడమేమిటమ్మా? వాడు మీ వ్యాసం నాకు పంపి "చూడు, ఆవిడ కూడా వెళ్తుంది" అంటున్నాడు. మీరైనా వద్దని చెప్పండి.
– ఒక తల్లి, గుడివాడ

అమ్మా, వద్దని చెప్పలేను, కానీ మీ భయాన్ని సరైన చోటికి మళ్ళిస్తాను. ఫిబ్రవరి చలికి రాటిల్‌స్నేక్‌లు చాలావరకు బొరియల్లోనే ఉంటాయి. ఒంటరితనం కూడా ఉండదు. వందలమంది ఒకే బాటలో తిరుగుతుంటారు, ముందో లైటు వెనకో లైటు కనిపిస్తూనే ఉంటుంది. పడితే పక్కవాడు ఆగి అడుగుతాడు.

పడడం మాత్రం నిజమే. సైకిల్ మీదినుంచి ముందుకి పడేవాళ్ళకి ఎక్కువగా విరిగేది మెడ కింది కాలర్ ఎముక. చేతులూ మోకాళ్ళూ గీసుకుపోవడం మామూలు. కనుక యూనివర్సిటీ వాళ్ళ ఆరోగ్య బీమాలో ఇలాంటి పోటీల దెబ్బలకి డబ్బిస్తారో లేదో ముందే చదువుకోమనండి. చలి సంగతి కూడా అడగండి. ఎడారి అంటే ఎండే అనుకుంటారు మన పిల్లలు. అక్కడ రాత్రి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. చెమటపట్టిన ఒంటికి ఆ గాలి తగిలితే వేళ్ళు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేరు. వేళ్ళన్నీ కప్పే గ్లవుజులు, ప్రతి లాప్‌కీ పొడి బనియను ఉండాలి.

అన్నిటికన్నా నేను భయపడేది రేసు అయిపోయాక జరిగేదానికి. ఆదివారం మధ్యాహ్నం, రాత్రంతా నిద్ర లేని నలుగురు కుర్రాళ్ళు ఒక కారులో ఎక్కి రెండు గంటలు హైవే మీద ఇంటికి వస్తారు. ఆ రెండు గంటలు ఆ ఇరవై నాలుగు గంటలకన్నా ప్రమాదం. సైకిల్ ఎక్కని మనిషి ఒకరు రావాలి, కారు వాళ్ళే నడపాలి. లేదా అక్కడే టెంటులో నాలుగు గంటలు పడుకుని బయల్దేరాలి. ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయి దగ్గర మాట తీసుకోండి. మిగతాది వాడికి వదిలేయండి.

ప్రశ్న: మేం శాకాహారులం. ఆ జెల్ ప్యాకెట్లు నాకు పడవు, వాంతి వచ్చినట్టుంటుంది. మన తిండితో ఇంత పెద్ద రేసు చెయ్యొచ్చా? ఓఆర్ఎస్ తాగితే సరిపోతుందా?
– గుంటూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని

చెయ్యొచ్చు. తొక్కుతున్నప్పుడు తినేదీ, దిగాక తినేదీ వేరని గుర్తుపెట్టుకుంటే చాలు.

తొక్కుతున్నప్పుడు గంటకి సుమారు 60 గ్రాముల పిండిపదార్థం ఒంటికి అందాలి. అలవాటు చేసుకున్నవాళ్ళు గ్లూకోజూ ఫ్రక్టోజూ కలిపి 90 దాకా వెళ్తారు. మాదిరి ఇడ్లీలో పది గ్రాములనుకుంటే గంటకి ఆరు ఇడ్లీలు, అదీ రాళ్ళ మీద ఎగురుతూ! కుదరదు కదా. అందుకే జెల్‌లు పుట్టాయి. వాటి బదులు నేను పానకం తాగుతాను. ముప్పావు లీటరు బాటిల్‌కి 60 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ. వడకట్టడం మరిచిపోవద్దు, బాటిల్ మూతలో నలుసు అడ్డుపడితే చిరాకు. బెల్లంలో ఎక్కువగా ఉండేది సుక్రోజు. కడుపులో అది గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఖరీదైన ఎనర్జీ డ్రింకు పొడుల వాళ్ళు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేది అదే. శ్రీరామనవమికి వేసే మిరియాలు మాత్రం వద్దు. జేబులో మూడు పెద్ద ఖర్జూరాలు ఉంటే ఇంకో గంటకి ఢోకా లేదు.

ఓఆర్ఎస్ విరేచనాల రోగి కోసం తయారైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ప్రకారం లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పు బాగానే అందుతుంది, శక్తి అందదు. ఎండలో కాస్త పనికొస్తుంది కానీ దాన్ని నమ్ముకుని లాప్ మీద లాప్ తొక్కలేరు. దానికి ఎదురు తప్పు కూడా ఉంది: దాహం ఉన్నా లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగడం. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మాట తడబడడం వస్తాయి. చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు. మనిషి తికమకగా మాట్లాడుతుంటే వెంటనే మెడికల్ టెంటుకి తీసుకెళ్ళాలి.

ఇక దిగాక. ఇక్కడే మావారి రాజ్యం. సాయంత్రం పులిహోర, అర్ధరాత్రి నెయ్యి వెయ్యని వేడి ఉప్మా, తెల్లవారాక పెరుగన్నం. నూనెలో వేయించినవి ఏవీ ఉండవు. బజ్జీల కోసం కర్నూలు కుర్రాడు ఏటా అర్జీ పెడతాడు, ఏటా కొట్టేస్తారు. కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది, రెండో లాప్‌లో వంగి తొక్కుతుంటే గొంతులోకి వస్తుంది. టీచరమ్మకి మొదట ఉప్మా అంటే అనుమానం. ఇప్పుడు బోర్డు మీద తన పేరు పక్కన 'ఉప్మా' అని రాసుకుంటుంది. కాఫీ చీకటి పడ్డాకే. పగలే మొదలుపెడితే రాత్రికి పనిచెయ్యదు, నిద్ర మాత్రం చెడుతుంది. ఇదంతా రేసు రోజు కాకుండా ముందు ఆదివారాల్లోనే తిని చూడండి. కడుపుకి కూడా ప్రాక్టీసు కావాలి.

ప్రశ్న: మా పొలాల వెంట మట్టిదారిలో తొక్కుతాను. వారానికి రెండు పంచర్లు గ్యారంటీ. తుమ్మముళ్ళు, పల్లేరు కాయలు. మీ ఎడారిలో ముళ్ళ మధ్య ఎలా తొక్కుతున్నారు?
– ధర్మవరం నుంచి ఒక రైతుబిడ్డ

మన పాత అనంతపురం జిల్లా మనిషివి, నీకు బాగా తెలిసిన శత్రువే ఇక్కడా ఉంది. పల్లేరు అమెరికా దాకా వచ్చేసింది, ఇక్కడ గోట్‌హెడ్ అంటారు. దానికి తోడు చోయా అనే ముళ్ళజెముడు. తగిలీ తగలకుండా పోయినా గుత్తి ఊడి కాలికి పట్టుకుంటుంది. చేత్తో లాగితే చేతికి పడుతుంది. అందుకే ఇక్కడ అందరి జేబులోనూ ఒక దువ్వెన ఉంటుంది. గుత్తి కింద దూర్చి ఒక్క విసురు.

టైర్లకి మందు ట్యూబ్‌లెస్. రిమ్, టైరు దానికి తగ్గవి కావాలి. లోపల పోసే సీలెంట్ పాలలాంటి లేటెక్స్ ద్రవం. ముల్లు దిగితే అక్కడికి పారి గడ్డకట్టి పూడుస్తుంది. 29 అంగుళాల టైరుకి వంద మిల్లీలీటర్ల దాకా పోస్తాను. ధర్మవరం ఎండకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపితే ద్రవం కదిలే చప్పుడు రావాలి, రాకపోతే మళ్ళీ పోయాలి. దిగిన ముల్లుని దారిలో పీకకు, అదే బిరడా. పెద్ద చిల్లుకి రబ్బరు ప్లగ్ దూర్చు. గాలి కూడా మరీ ఎక్కించకు. 65, 70 కిలోల మనిషికి 2.3 అంగుళాల టైరులో 20 నుంచి 24 పీఎస్ఐ చాలు. రాయి లాంటి టైరు రాళ్ళ మీద జారుతుంది.

అప్పటికీ ఒక ట్యూబు వెంట ఉంచుకో. కానీ వెయ్యబోయే ముందు టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడిమి ముళ్ళన్నీ తియ్యి. సీలెంట్ పుణ్యమా అని అన్నాళ్ళూ నీకు తెలియకుండా డజను ముళ్ళు అందులో కాపురం ఉండి ఉంటాయి. తియ్యకుండా ట్యూబు వేస్తే గాలి కొట్టేలోపే పోతుంది.

ప్రశ్న: జీతం లేదు, బహుమతి లేదు, పేపర్లో పేరు రాదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు రాత్రంతా ఒకే చోట గుండ్రంగా తిరగడం దేనికి?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, నెల్లూరు

మాస్టారూ, ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1976లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళు కొండ మీదికి మోసుకెళ్ళి, మట్టిదారిలో ఎవరు ముందు దిగుతారో చూసుకునేవారు. ఒక్క దిగుడుకే వెనక బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు మాడిపోయేది. ఇరవై ఏళ్ళకి, 1996లో, అది అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆట అయింది. జట్లుగా రోజంతా తిరగడాన్ని 1992లో వెస్ట్ వర్జీనియాలోని కెనాన్‌లో లేర్డ్ నైట్ అనే ఆయన రేసుగా పెట్టారు. మీ ప్రశ్నకి ఇది జవాబు కాదని తెలుసు. నాకు ఆఫీసులో ఏ పనీ పూర్తయినట్టు ఉండదు. ఇక్కడ లాప్ పూర్తవుతుంది, బేటన్ ఇంకొకరి చేతిలో పడుతుంది, నేను వెళ్ళి ఉప్మా తింటాను. నాకది చాలు.

ప్రశ్న: మేమిద్దరం భార్యాభర్తలం, సైక్లింగ్ పిచ్చి ఉంది. దక్షిణాఫ్రికాలో కేప్ ఎపిక్ అనే రేసుకి ఇద్దరూ జంటగా వెళ్ళాలట. మాకు సరిపోతుందా?
– విశాఖపట్నం దంపతులు

కేప్ ఎపిక్ 2004లో మొదలైంది. మార్చిలో, వెస్టర్న్ కేప్ కొండల్లో, ఒక ప్రోలాగ్ (మొదటిరోజు చిన్న పోటీ), ఏడు స్టేజీలు (రోజుకొక దశ) కలిపి ఎనిమిది రోజులు. దారి ఏటా మారుతుంది. మొత్తం ఆరేడు వందల కిలోమీటర్లు, ఎక్కే ఎత్తంతా కూడితే పదిహేను వేల మీటర్ల చుట్టుపక్కల. ప్రపంచంలోని పెద్ద ప్రొఫెషనల్స్ తొక్కే అదే బాటలో అదే రోజు మామూలు ఉద్యోగస్తులూ తొక్కుతారు. ఆడ, మగ కలిసిన మిక్స్‌డ్ జట్లకి వేరే విభాగం ఉంది.

మీరు చూసుకోవలసింది కిలోమీటర్లు కాదు, రెండు నిమిషాల నియమం. జంటలో ఇద్దరి మధ్య ఎప్పుడూ రెండు నిమిషాలకి మించి ఎడం ఉండకూడదు, ఉంటే పెనాల్టీ. ఒకరు మానేస్తే రెండోవారు తొక్కినా జట్టుగా లెక్కలోకి రారు. మా రిలేలో ఒకరి మీద కోపం వస్తే అతను లాప్‌లో ఉండగా చల్లారుతుంది. అక్కడ ఎనిమిది రోజులూ కోపం వచ్చిన మనిషి వీపు చూస్తూనే తొక్కాలి. కాబట్టి ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకోండి. వరసగా మూడు రోజులు, రోజుకి ఐదారు గంటలు, అరకు ఘాట్ వైపు ఇద్దరూ కలిసి తొక్కండి. ఎక్కుడులో బలమైనవారు ముందుకి పోయి, ఆగి, వెనక్కి తిరిగి "త్వరగా రా" అంటున్నారా? అనేవారైతే ఆ అలవాటు ఇప్పుడే మానిపించాలి. బలమైనవారు రెండో మనిషి పక్కనే ఉండి, ఎదురుగాలి తాము తీసుకుని, ఆ మనిషి బాటిల్ కూడా తామే మోస్తే మీ జంట నిలుస్తుంది.

అంత ఖర్చు పెట్టేముందు మన దేశంలోనే చూసుకోవచ్చు. హిమాచల్‌లో 2005 నుంచి ఎంటీబీ హిమాలయ అనే రోజుల తరబడి సాగే రేసు పేరు పొందింది. ఆ కొండల్లో జలోరీ కనుమే 3,000 మీటర్ల ఎత్తు దాటి ఉంటుంది. సముద్రం ఒడ్డునుంచి వెళ్ళే మీకు ఊపిరి సంగతి అక్కడ తెలుస్తుంది. తేదీలు, దారి ఆ ఏటి ప్రకటన చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: ఇద్దరు పిల్లలు, పొద్దుట్నుంచి రాత్రిదాకా లాప్‌టాప్. వారానికి ఎన్ని గంటలు తొక్కితే నలుగురి జట్టులో పరువు దక్కుతుంది? ఔటర్ రింగ్ రోడ్డు పక్క ట్రాక్ సరిపోతుందా?
– మియాపూర్ నుంచి ఒక సోదరి

ఐదు గంటలు చాలమ్మా. వారం మధ్యలో రెండు సార్లు గంట చొప్పున గట్టిగా, ఆదివారం మూడు గంటలు నింపాదిగా. 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ ఈ గట్టి తొక్కుడుకి బాగుంటుంది. పైన నీడ, వెనక లారీ ఉండదు. కానీ చదును సిమెంటు మీద మలుపూ బ్రేకూ రావు. నెలకి రెండుసార్లయినా వికారాబాద్ అనంతగిరి వైపు మట్టికి వెళ్ళాలి. ఒంటరిగా వద్దు, రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా అసలు వద్దు.

రిలే మనుషులు తప్పక చెయ్యాల్సిన ప్రాక్టీసు ఒకటుంది, ఎవరూ చెయ్యరు. పొద్దున ఐదింటికి గంటన్నర తొక్కి, ఇంటికొచ్చి పిల్లల పనులు చూసుకుని, నాలుగు గంటల తర్వాత మళ్ళీ గంటన్నర తొక్కడం. చల్లబడి బిగుసుకున్న కాళ్ళతో మళ్ళీ సీటెక్కితే మొదటి ఇరవై నిమిషాలు నరకం, తర్వాత తేలికపడుతుంది. అది తేలికపడుతుందని ముందే తెలిసిన మనిషి రేసులో గాభరా పడదు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొనుక్కోండి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. సిగ్గుపడి చాలామంది ఆడవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ప్రతి లాప్‌కీ ఉతికిన జత మార్చుకోండి.

ప్రశ్న: అక్కా, ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వేలకి ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ వస్తోంది. కొననా?
– వరంగల్ తమ్ముడు

వద్దు. ఆ ధరకి వచ్చే వెనక సస్పెన్షన్ అంటే బరువైన స్ప్రింగు, నువ్వు తొక్కిన బలమంతా అదే మింగేస్తుంది. నెలలు గడిస్తే కీళ్ళు వదులై కిర్రుమంటుంది. అదే డబ్బుకి వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్, తెలిసినవాళ్ళు వాడిన సెకండ్ హ్యాండ్‌ది వెతుకు. సైజు నీ ఎత్తుకి సరిపోవాలి, బ్రేకులు డిస్క్ అయి ఉండాలి, వీలైతే హైడ్రాలిక్. ఫ్రేము కింద భాగంలో, వెల్డింగుల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్ళు లేవని ఎండలో చూసుకో. మిగిలిన డబ్బు హెల్మెట్‌కి పెట్టు.

కొన్న రోజే దానికి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ ఒకటి అదనంగా తీసుకో. వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. పడితే ఫ్రేము బదులు అది వంగేలా చేస్తారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, అర్ధరాత్రి ఎవరినడిగినా దొరకదు. మా క్యాంపులో నాలుగు సైకిళ్ళకి నాలుగు హ్యాంగర్లు, ఒక్కోదాని మీద ఎవరిదో పేరు రాసి, మావారి టూల్ బాక్సు మూతకి టేపుతో అంటించి ఉంటాయి.